నా నోట్సున్న గ్రూపులో నేను లేను

రెండేళ్ల కిందటి మాట. నెల్లూరులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ముత్తుకూరు నుంచి రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. క్లాసులో ఫస్టు నేనే. పరీక్షలొస్తే నా నోట్సు అందరి ఫోన్లలోనూ ఉండేది.

ఆరోజు సెమినార్ ఇవ్వడానికి నా స్నేహితురాలు శ్రావణి తన లాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించింది. తెర మీద పాఠానికి బదులు వాట్సాప్ తెరుచుకుంది. నేను తప్ప క్లాసంతా ఉన్న గ్రూపు అది! అందులో నా నోట్సుంది. దాని కిందే, శ్రావణి పుట్టినరోజని అందరూ కృష్ణపట్నం సముద్రంలో ఆడుకుంటున్న ఫొటోలు. "దాన్ని పిలవొద్దు, అక్కడా సిలబస్సే మాట్లాడతాది" అని శ్రావణి పెట్టిన మెసేజ్‌ను అందరితోపాటు నేనూ చదివాను. వెనక బెంచీల్లో నవ్వులు.

ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"కృష్ణపట్నానికి మా ఊరి మీదనే గదా పోయినారు! నన్నొక మాట అడగలేకపోయినారా?"

"నువ్వు యాడొస్తావులే మే, నీకు చదువుంటే చాలుగదా," అంది శ్రావణి.

"అడిగితే గదా వస్తానో రానో తెలిసేది! మూడేళ్లలో ఒక్కసారన్నా అడిగినావా?" అని అరిచాను. లెక్చరర్ గారు కూర్చోమన్నా వినలేదు.

సాయంత్రం శ్రావణి ఫోన్ చేసి సారీ చెప్పింది. ఆ వెంటనే ఐదో యూనిట్ నోట్సు అడిగింది! ఇవ్వనని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మార్కులు తెచ్చుకునే పిల్లకు సరదాలు అక్కర్లేదని వీళ్లకెవరు చెప్పారు? ఆ కోపం నాకింకా చల్లారలేదు. మీ క్లాసులోనూ అలాంటి పిల్ల ఉంటే నోట్సు అడిగినట్టే సినిమాకు వస్తావా అని కూడా అడగండి. రావడం, రాకపోవడం ఆమె ఇష్టం.