కంటైనర్లో ఇరుక్కున్న సెలవు

ఈ రోజు ఆఫీసులో మూడు రోజుల సెలవు అడిగాను. శుక్రవారం ఊళ్లో మా చెల్లెలి గృహప్రవేశం. మేనేజరు గిరిధర్‌ది నా ఈడే. "పోయి రాప్పా. ఆ కంటైనరును ఎవురు చూస్తారు మల్ల?" అన్నాడు.

మా డేటాబేసులన్నిటినీ కాపలా కాసే సాఫ్టువేరును రెండేళ్ల క్రితం నేనే ఒక కంటైనర్లో, అంటే సర్వరులోనే విడిగా ఉండే డబ్బాలాంటి దాంట్లో పెట్టాను. ట్రయలుకే కదా అని సెట్టింగులు, పాస్‌వర్డులు బయటి డిస్కులో కాక దాని లోపలే ఉంచేశాను, నగలు బియ్యం సంచిలో దాచినట్టు. పాత కంటైనరు తీసేస్తేనే కొత్తది పెట్టగలం, తీసేస్తే అవన్నీ పోతాయి. అందుకే కొత్త వెర్షన్ వేయాలంటే భయం, ఇంకొకరికి అప్పగించాలంటే సిగ్గు.

మధ్యాహ్నం పక్క సీటు లావణ్యకు నిజం చెప్పేశాను.

"దీనికా సార్ రెండేండ్లు ఊరికి పోకుండా ఉండారు? లోపలివి బయటికి కాపీ చేసి, కొత్తది పెట్టేద్దాం."

టీ చల్లారేలోపు అయిపోయింది. సంతోషంగా వెళ్లి గిరిధర్‌కు చెప్పాను.

"భలే చేసినావప్పా. చెన్నై ఆఫీసుది కూడా ఇట్లే ఉండాది. ఈ వారం అదీ చూసేయ్."

డేటాను బయటికి తీసే కమాండు లావణ్యకు తెలుసు. నన్ను బయటికి తీసేది మీలో ఎవరికైనా తెలిస్తే గురువారంలోపు చెప్పండి.