రాహుకాలం దాటిపోతోంది

దేవుణ్ణి నమ్మని మనిషి బజారు నుంచి పంచాంగం కొనుక్కొచ్చాడంటే ఆ ఇంట్లో ఏదో జరగబోతోందన్నమాటే. ఆ సాయంత్రం మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, టిఫిన్ క్యారియర్ గట్టు మీద పెట్టి, సంచిలోంచి పసుపు అట్ట పంచాంగం తీసి నా ముందు రెపరెపలాడించేసరికి నా చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది. "దొరికింది! పుష్యమాసం, అమావాస్య, మంగళవారం, అందులోనూ రాహుకాలం. ఇంత చెడ్డ ఘడియ వెతికినా దొరకదు. కొత్తింట్లో అడుగుపెట్టేది అప్పుడే" అన్నారు, కూతురి పెళ్లికి లగ్నం కుదిరిన తండ్రిలా మొహం వెలిగిపోతూ. పక్క గదిలో చంటిదాన్ని జోకొడుతున్న మా అమ్మ పాట ఠక్కున ఆగిపోయింది. ఇది పెసరట్టు మాడిపోవడంతో తీరే ప్రమాదం కాదని నాకు తెలిసింది ఆ పాట ఆగినప్పుడే.

ఆ రోజుల్లో మా చుట్టూ ఉన్న అందరికీ ఏదో ఒకదాని మీద గట్టి నమ్మకం ఉండేది. కొందరికి కంప్యూటర్ల మీద, కొందరికి మాదాపూర్ బండల మధ్య కొన్న స్థలాల మీద, మా అమ్మకి వెంకటేశ్వరస్వామి మీద, మా ఆయనకి దేవుడు లేడన్న సంగతి మీద. నాకే దేని మీదా పూర్తిగా నమ్మకం కుదిరేది కాదు. నాకున్నదల్లా భయం. (ఇంట్లో అందరూ పడుకున్నాక, గ్యాస్ కట్టేశానో లేదో రెండుసార్లు చూసొచ్చి ఇది రాస్తున్నాను. మూడోసారి వెళ్లాలనిపిస్తోంది గానీ ఓర్చుకుంటున్నాను.) అప్పటికి మేం బాలానగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. ఆయన ఫ్యాక్టరీ అక్కడే. నేను డిగ్రీ తర్వాత కంప్యూటర్ కోర్సు చేసి, ఇద్దరు పిల్లలు పుట్టాక, చాలా చోట్ల కాదనిపించుకుని, చివరికి మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన ఒక ఆఫీసులో ఉద్యోగం సంపాదించాను. ఆ అమావాస్య మర్నాడే, బుధవారం పొద్దున, చేరాలి. ఆఫీసుకి దగ్గరని కొండాపూర్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. పిల్లల్ని చూసుకోవడానికి తెనాలి నుంచి అమ్మ వచ్చింది. అమ్మ ఉంటేనే నా ఉద్యోగం. అమ్మ అలిగి వెళ్లిపోతే నేను మళ్లీ వంటింట్లోకే.

మా ఆయన చెడ్డవారేం కాదు. నిజానికి ఆయనంత నిష్ఠగల మనిషిని నేను చూడలేదు. కాకపోతే ఆ నిష్ఠంతా తలకిందులుగా ఉండేది. అమ్మ మంగళవారం గోళ్లు తీయదు, ఆయన మంగళవారం తప్ప తీయరు. క్షవరం కూడా ఆ రోజే. మంగళవారం మంగలి షాపులన్నీ మూసి ఉంటాయి కాబట్టి తనే కత్తెర పట్టుకుని అద్దం ముందు నిలబడేవారు. (తల వెనక భాగం ఆయనకి కనపడదు. మాకు వారమంతా కనపడేది.) గ్రహణం రోజున సరిగ్గా పట్టువేళకి ఇంటిల్లిపాదీ కూర్చుని తినాలి. "ఇప్పుడే కదండీ టిఫిన్ అయింది, ఆకలి లేదు" అంటే "ఇది ఆకలి విషయం కాదు, సిద్ధాంతం" అనేవారు. బయల్దేరుతుంటే ఎవరైనా తుమ్మితే ఆగడం మాట అటుంచి, పరుగెత్తేవారు. ఒకసారి అలా పరుగెత్తి స్కూటర్ తాళాలు మరిచిపోయి, వెనక్కి వస్తే తుమ్ముకి భయపడ్డాడనుకుంటారని ఫ్యాక్టరీ దాకా నడిచే వెళ్లారు. ఆదివారాల్లో ఆయన వెళ్లే హేతువాదుల సంఘం ఒకటుండేది. అందులో ఒక సభ్యుడు చుట్టాలింట్లో సత్యనారాయణ వ్రతం ప్రసాదం తిన్నాడని తెలిసి, సంజాయిషీ ఇచ్చేదాకా అతన్ని ఉపన్యాసం చెప్పనివ్వలేదట. "అంటే వెలివేశారా?" అన్నాను. "వెలి ఏమిటి? క్రమశిక్షణ" అన్నారు, నొచ్చుకుని.

సరే, పంచాంగం సంగతికొస్తాను. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఆయనతో నేరుగా మాట్లాడలేదు. నాతోనే అంది: "అమ్మాయీ, ఆ ఘడియలో మీ ఆయన్ని వెళ్లమను, నాకేం అభ్యంతరం లేదు. పసిపిల్లల్ని మాత్రం గడప దాటనివ్వను. రాహుకాలం పోయాక, పాలు పొంగించాకే వాళ్లు లోపలికి రావాలి."

"ముందు రావాల్సిందే పిల్లలు" అన్నారాయన, ఆయనా నాతోనే. "భయం లేకుండా పెరగాల్సింది వాళ్లు కదా! వాళ్లని బయట నిలబెట్టి నేనొక్కణ్ణే వెళ్తే సంఘంలో మొహం ఎలా చూపించుకోను?"

"నా బ్యాగు సర్దే ఉందని చెప్పవే. రాత్రి బండికి తెనాలి పోతాను."

"బండి వేళ కూడా పంచాంగంలో చూసుకుంటారేమో అడుగు."

ఇద్దరికీ మధ్యలో కూర్చుని నేను పప్పు వడ్డించాను. ఇద్దరూ చెరోసారి మారు వడ్డించుకున్నారు. నాకే ముద్ద దిగలేదు.

మంగళవారం మధ్యాహ్నం అమ్మ మా ఐదేళ్ల పెద్దాణ్ణి తీసుకుని ఆటోలో ముందే వెళ్లిపోయింది, కొత్తింటి ఓనరమ్మ వరండాలో కూర్చుంటానని. మేం సామానుతో డీసీఎం వ్యానులో వెనకాల రావాలి. వ్యాను వేళకే వచ్చింది గానీ దాని ముందు బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. మా ఆయన చేతిలోని మంచం కోడు అలాగే కింద పెట్టేశారు. "అది తీసేస్తేనే సామాను ఎక్కించేది."

డ్రైవరు పళ్లు బయటపెట్టి నవ్వాడు. "ఏంది సార్ గిట్ల? అమావాస పూట నిమ్మకాయ లేకుండ బండి ఎట్ల తీస్తరు? జర సమజ్ చేస్కోండ్రి."

"నిమ్మకాయ వల్ల నడుస్తుందా బండి? డీజిలు వల్లా?"

"డీజిలు తోని నడుస్తది సార్. నిమ్మకాయ తోని ఆగుతది, అవసరమైన కాడ."

ఈ వాదన పావుగంట సాగింది. చివరికి నేనే ఆ దండ విప్పి, ఎవరూ చూడకుండా సీటు కింద పెట్టాను. (డ్రైవరు చూశాడు. కన్నుగీటాడు.) క్యాబిన్‌లో నేను రెండేళ్ల చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని, నా పక్కన ఆయన చీపురు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. కొత్తింట్లోకి అందరూ ముందు దేవుడి పటం తీసుకెళ్తారు కాబట్టి మేం ముందు చీపురు తీసుకెళ్లాలని ఆయన నిర్ణయం. ఆ చీపురు కోసం కూడా రెండు షాపులు తిరిగారు, మంచిది దొరకాలని.

కొత్తగూడ దగ్గరకి వచ్చేసరికి ఎర్రజెండా పట్టుకుని ఒకతను రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు. ముందు ఎక్కడో మేడ కట్టడానికి బండలు పేలుస్తున్నారు. అప్పట్లో ఆ దారిలో అది రోజూ ఉన్నదే. బండ పేలేదాకా ఎవరూ కదలకూడదు. మా ఆయన గడియారం చూసుకున్నారు. మళ్లీ చూసుకున్నారు. చీపురు గట్టిగా పట్టుకుని, "రాహుకాలం దాటిపోతోంది, రాహుకాలం దాటిపోతోంది" అని గొణగడం మొదలుపెట్టారు.

పాపం, డ్రైవరుకి జాలేసింది. "ఫికర్ చేయకు సార్. నేను నిమ్మళంగ తోల్త. రాహుకాలం పోయినంకనే దింపుత మిమ్మల్ని."

"వద్దయ్యా! అది పోకముందే దింపు!"

డ్రైవరు ఆయన వంకా చీపురు వంకా చూసి, తర్వాత నా వంక చూశాడు. ఆ చూపులో 'దవాఖానకి తీసుకుపోవాల్నా అమ్మా' అన్న ప్రశ్న స్పష్టంగా ఉంది. ఇంతలో బండ పేలింది. చంటిది ఏడుపు అందుకుంది. జెండా దిగింది.

ఇంటి సందు మలుపు తిరుగుతుండగానే ఆయన బండి ఆగకముందే దూకేశారు. చీపురు నిలువుగా ఎత్తిపట్టుకుని, పోయిన మంగళవారం తనే కత్తిరించుకున్న జుట్టు వెనక పక్క పొదలా లేచి ఊగుతుంటే, గేటు వైపు పరుగెత్తారు. గేటు దగ్గర మా ఓనరమ్మ నిలబడి ఉంది. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది, చర్చికి వెళ్లే మనిషి, అందరూ సిస్టరమ్మ అనేవారు. "అయ్యో సార్, జర ఆగుండ్రి! చీపురు పట్కొని ఎవర్ని కొట్టనీకి ఉరుకుతున్రు?" అంది భయపడిపోయి.

ఆయన ఆగారు, ఆమె మాటకి కాదు. గడియారం చూసుకుని ఆగారు. నాలుగున్నర దాటిపోయింది. ఒక కాలు గేటు లోపలా ఒక కాలు బయటా ఉంటే, లోపలి కాలు మెల్లిగా వెనక్కి తీసుకున్నారు.

వరండాలో కూర్చున్న అమ్మ లేచి నిలబడింది, పాలగిన్నె చేతిలోకి తీసుకుంటూ. "రాహుకాలం పోయింది. పద అమ్మాయీ."

"ఎవరూ వెళ్లడానికి వీల్లేదు!" అన్నారు ఆయన. "ఇప్పుడు వెళ్తే మంచి ఘడియ చూసుకుని వెళ్లినట్టే. రేపు మధ్యాహ్నం మళ్లీ రాహుకాలం ఉంది. అప్పుడు వెళ్దాం."

"రేపు పొద్దున నేను ఆఫీసులో ఉండాలండీ" అన్నాను. రేపు కట్టుకోవాల్సిన చీర వ్యానులో ట్రంకుపెట్టె అడుగున ఉంది, ట్రంకుపెట్టె మీద పరుపులు, పరుపుల మీద బీరువా. చలికాలం పొద్దు, అప్పుడే నీడలు పొడుగవుతున్నాయి. పెద్దాడు "అమ్మా, ఉచ్చ" అని నా కొంగు లాగుతున్నాడు. సిస్టరమ్మ వాణ్ణి తన ఇంట్లోకి తీసుకెళ్తూ, "ఏంది సార్ ఇది? మా చర్చిల పాస్టరయ్య గూడ గింత పట్టింపు పట్టడు" అంది. డ్రైవరు తాళ్లు విప్పుతూ, "సామాన్ లోపల దించాల్నా, రోడ్డు మీద దించాల్నా, జల్ది చెప్పుండ్రి" అన్నాడు. అమ్మ పాలగిన్నె కింద పెట్టి, తన బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఆ బ్యాగు జిప్పు వెనకాల నా ఉద్యోగం ఉందని అక్కడున్న వాళ్లలో నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

అమ్మ గేటు దాకా వచ్చింది. ఆయన పక్కకి జరిగారు. అమ్మ వెళ్లలేదు. నా మొహం ఒకసారి చూసి, ఆ వారంలో మొదటిసారి ఆయనతో నేరుగా మాట్లాడింది.

"అల్లుడుగారూ, నాలుగున్నర అనేది సూర్యుడు ఆరింటికి లేచిన రోజున లెక్కండీ. ఈ చలికాలంలో ఆలస్యంగా లేస్తున్నాడు కదా. రాహుకాలం కూడా ఆ మేరకి జరుగుతుంది. ఇంకా ఉందండీ టైము."

ఆయన కళ్లు మెరిశాయి. "నిజంగానా అత్తయ్యగారూ?"

"చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, నాకు తెలీదా? పదండి. ఒకళ్లు లోపలా ఒకళ్లు బయటా ఎందుకు, పిల్లలతో సహా మేమూ వస్తాం మీతో. మీ మాటే కానివ్వండి."

అత్తగారు మూఢనమ్మకం వదిలేసిందని ఆయన కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. ప్రతిదాన్నీ పరీక్షించి చూడాలి, ఎవరి మాటా ఊరికే నమ్మకూడదు అని ప్రతి ఆదివారం చెప్పే మనిషి, ఆ ఒక్క మాటనీ కళ్లు మూసుకుని నమ్మేశారు. పంచాంగం ఆయన చొక్కా జేబులోనే ఉంది, పసుపు అట్ట బయటికి కనిపిస్తూ. దాన్ని తీయలేదు. చీపురుతో ఆయన, ఆ వెనకాల పెద్దాడి చెయ్యి పట్టుకుని అమ్మ, చంటిదానితో నేను, అందరం ఒకేసారి గడప దాటాం.

లోపల స్టవ్ బిగించగానే ఆయనే అన్నారు, "అత్తయ్యగారూ, మీరు ఇంత చేశారు, ఆ పాలేవో పొంగించుకోండి. నేను చూడను, అంతే" అని. కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. పాలు పొంగుతున్న చప్పుడుకి మాత్రం ఒకసారి వెనక్కి చూశారు, గ్యాస్ ఆరిపోతుందేమోనని. ఆయనా డ్రైవరూ బీరువా జరుపుతున్నప్పుడు నేను అమ్మని మెల్లిగా అడిగాను: "నిజంగా ఇంకా రాహుకాలమేనా అమ్మా?" అమ్మ పాలలో చక్కెర కలుపుతూ, "ఏమోనే. తప్పైతే ఆయనతో నేను మాట్లాడుకుంటాలే" అంది, పైకి చూపిస్తూ. ఆ ఘడియ నిజంగా చెడ్డదో మంచిదో ఇప్పటికీ నాకు తెలియదు. మా ఆయన పంచాంగంలో సూర్యోదయం వేళలు చూడకుండా ఉండే మనిషేనా అన్నది కూడా తెలియదు. ఎన్నిసార్లు అడగబోయినా ఆయన ఏదో ఒక పని గుర్తొచ్చి లేచిపోతారు.

మర్నాడు పొద్దున గంజి పెట్టిన చీర కట్టుకుని, కొత్త హ్యాండ్‌బ్యాగు రెండు చేతులా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. దాంట్లో జ్వరం మందు, థర్మామీటరు, సిస్టరమ్మ ఫోన్ నంబరు మూడు కాగితాల మీద రాసుకుని ఉన్నాయి. ఆ అమ్మాయిని ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, దగ్గరకి తీసుకోవాలనీ అనిపిస్తుంది. ఏ క్షణంలో ఏం కూలిపోతుందోనని బిగుసుకుపోయి, ఏదీ కూలనందుకు ఆశ్చర్యపోతూ ఉంది పాపం. వంటింట్లో అమ్మ దోసెలు పోస్తోంది. హాల్లో ఆయన పేపరు చదువుతున్నారు. సరిగ్గా అప్పుడే పెద్దాడు చెల్లెలి చెయ్యి పట్టుకుని వచ్చి, "అమ్మా, దేవుడు ఉన్నాడా లేడా?" అని గట్టిగా అడిగాడు. వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగింది. హాల్లో పేపరు చప్పుడు ఆగింది. నేను చెప్పులు వేసుకుంటూ పిల్లలిద్దరికీ చెప్పాను: "నాకు తెలియదు నాన్నా. తెలిసినవాళ్లు ఇంట్లోనే ఇద్దరున్నారు. టిఫిన్ అయ్యాక పక్కపక్కన కూర్చోబెట్టి అడగండి. ఒకరు చెబుతుంటే రెండోవారు లేచి వెళ్లిపోకుండా మాత్రం, మీరే చెరొక ఒళ్లో కూర్చోండి."