అక్క ఆడిన రాతి తాబేలు

డయాలసిస్ జరుగుతున్నంతసేపూ అక్కకు కుడి చెయ్యి ఒక్కటే ఖాళీ. ఎడమ చేతికి సూదులు గుచ్చి, గొట్టాలతో మిషనుకు కలుపుతారు. ఆ చెయ్యి కదపకూడదు. బావ భివండిలో మరమగ్గాల పనిలో ఉన్నాడు. అందుకని రోజు విడిచి రోజు చింతమడక నుంచి సిద్దిపేట దవాఖానకు నేనే బండి మీద తీసుకొస్తాను. తీసుకొచ్చాక స్టూలు మీద కూర్చోవడం తప్ప నాకు అక్కడ పనేమీ ఉండదు.

మొదట్లో ఆమెకు పొద్దు పోవడానికి నా ఫోనులోని ఆట నేర్పాను. వింత జంతువుల పోరాటం అది. ఒక్కొక్కరికి మూడు జంతువులు. ఒకదాన్ని ముందుకు దింపి, వంతు వచ్చినప్పుడల్లా ఏం చేయాలో నొక్కాలి. గడువు లోపల నొక్కకపోతే ఆ వంతు పోయినట్టే. నేనెప్పుడూ నిప్పులు కక్కే వాటినే తీసుకునేవాణ్ణి. అక్క అన్నిటినీ చూసి, ఎవరూ ముట్టని రాతి తాబేలును ఎంచుకుంది.

"గది ఎవ్వల్ని కొట్టదక్కా," అన్నాను.

"కొట్టకుంటేంది? జల్ది సావదు గదా," అంది.

ఆమె పద్ధతి ఆమే కనిపెట్టుకుంది. ముందు ఎదుటి జంతువు మీద విషం చిమ్మాలి. ఆ విషం మొదట్లో పెద్దగా తెలియదు, వంతు వంతుకూ పెరుగుతుంది. ఆ తర్వాత తాబేలు బతికి ఉంటే చాలు. ఒక వంతు చిప్పలో దూరడం, మరుసటి వంతు మందుతో గాయం మాన్పుకోవడం. నా జంతువులన్నీ కొట్టి కొట్టి వాటంతటవే పడిపోయేవి.

పక్క మంచం మీద చిన్నకోడూరు ఆటో డ్రైవరుకు కూడా అదే ఆట వచ్చు. అతనిది పెద్దపులి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన ఫోను నుంచే అక్కతో పోటీకి దిగేవాడు. ఓడి ఓడి చివరికి పులికి కొత్త విద్య నేర్పించాడు. అది గాండ్రించి రెచ్చగొడితే తాబేలు కాసేపు కొరకడం తప్ప మరేమీ చేయలేదు. చిప్ప లేదు, మందు లేదు.

"గిప్పుడెట్లరా తమ్మీ?" అని అక్క నన్ను అడిగింది. నాకు తోచలేదు. రెండు ఆటలు ఓడిపోయాక ఆమెకే తట్టింది. పులి గాండ్రించగానే తాబేలును వెనక్కి పిలిచి, ఇంకో జంతువును దింపింది. మళ్లీ తాబేలు వచ్చేసరికి ఆ గాండ్రింపు ప్రభావం పోయింది. డ్రైవరు తల పట్టుకున్నాడు.

అలా ఆడుతున్న ఒక రోజు, పులికి విషం బాగా ఎక్కింది. ఇంకొంచెం ఆగితే పడిపోతుంది. అప్పుడు అక్క, "తల తిరుగుతుందిరా," అంది. ఫోను ఆమె చేతిలోంచి దుప్పటి మీదికి జారింది. మొహం తెల్లబడి, చెమటలు పట్టాయి.

"సిస్టర్!" అని అరిచాను. నర్సు పరుగెత్తుకొచ్చి మంచం తలవైపు దించింది, మిషను మీద ఏవో నొక్కింది, సెలైన్ వదిలింది. "నువ్వు జర పక్కకు జరుగు," అంది నాతో. ఫోను తీసుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. తెర మీద గడువు తరిగిపోతోంది. చేతులతో ఇంకేం చేయాలో తెలియక చిప్ప నొక్కాను. పులి దెబ్బ ఆగింది. మళ్లీ చిప్పే నొక్కాను. ఈసారి ఆగలేదు.

"పడ్డదక్కా నీ తాబేలు!" అని డ్రైవరు సంతోషంగా కేక వేసి ఇటు తిరిగాడు. అక్కను చూసి ఇయర్‌ఫోన్లు పీకేశాడు.

కొంతసేపటికి అక్క కళ్లు తెరిచింది. "ఏమైందిరా?"

"బీపీ పడ్డది. ఇప్పుడు మంచిగనే ఉన్నవ్."

"గది కాదు. తాబేలు."

"సచ్చిపోయింది."

"ఏం నొక్కినవ్?"

"చిప్ప. రెండుసార్లు."

"వరుసగ రెండోసారి పని చెయ్యదు గదరా," అంది, మళ్లీ కళ్లు మూసుకుంటూ. "నడుమ గాయం మాన్పాలె."

ఆట నేర్పేటప్పుడు ఆ సంగతి ఆమెకు చెప్పింది నేనే.

ఇప్పుడు బీపీ తరచుగా పడిపోతోంది. ఫోను పట్టుకునే ఓపిక అక్కకు లేదు. కళ్లు మూసుకుని "ఇసం", "చిప్ప", "మందు" అని చెబుతుంది, నేను నొక్కుతాను. ఒక్కోసారి ఆట నడుమ ఆమె మాట ఆగిపోతుంది. నిద్రపోయిందా, కళ్లు తిరిగాయా తెలియదు. పిలవాలో వద్దో తెలియదు. తెర మీద గడువు తరుగుతుంటే నర్సు కోసం చూస్తాను. ఆమె ఇంకో మంచం దగ్గర ఉంటుంది.