ఆ కిటికీల కొలతకు కుట్టిన పరదాలు

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మేమున్న కిరాయి ఇంటికి రెండు కిటికీలు ఉండేవి గానీ, వాటిని తెరిచిన గుర్తు నాకు లేదు. ఇంటి వెనకే బియ్యం మిల్లు. రెక్క కాస్త తీస్తే చాలు, ఊకపొట్టూ, వడ్లు ఉడకబెట్టే పొయ్యి బూడిదా లోపలికొచ్చి కంచాల మీద, పక్కబట్టల మీద పరుచుకునేవి. మా ఊరు నడిగూడెం. బడి కోసం నన్ను మా చిన్నమ్మ దగ్గర ఉంచారు. చిన్నాయన ఆ మిల్లులోనే గుమాస్తా. ఆ దుమ్ముకు చిన్నమ్మను ఎప్పుడూ దగ్గు పట్టుకుని ఉండేది. దగ్గినప్పుడల్లా మూసి ఉన్న కిటికీ వైపు కోపంగా చూసేది. కిటికీలు తెరుచుకునే ఇల్లు కావాలన్నదొక్కటే ఆమె కోరిక.

అట్లాంటి ఇల్లొకటి అమ్మకానికి ఉందని చిన్నాయనకు మిల్లులో ఎవరో చెప్పారు. వేములపల్లి పోయే దారిలో, కాలువకు దగ్గర్లో, చుట్టూ వరి పొలాలు. ఇంటాయన కోదాడలో ఉండే పంతులుగారు. ఒక ఆదివారం ఆయన వచ్చి తాళం తీస్తే, మేం ముగ్గురం వెళ్లి చూశాం. రెండు గదులు, ముందొక వసారా. ముందు గదిలో మాత్రం అడ్డంగా వెడల్పాటి కిటికీలు, ఒక్కోదానికి మూడేసి రెక్కలు. చిన్నమ్మ రెక్కలన్నీ తెరిచింది. పొలం మీది గాలి నేరుగా మా మొహాలకు కొట్టింది. ఆమె చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

మగవాళ్లు వసారాలో బేరం మాట్లాడుతుంటే ఆమె కొంగు ముడిలోంచి పురికొస తీసింది. మిల్లులో గోనెసంచుల మూతులు కుట్టే పురికొస అది. కిటికీకి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పట్టి ముడులు వేసుకుంది. నన్ను అటు చివర పట్టుకోమంది. చిన్నాయన చెప్పిన ధరకు పంతులుగారు కాదనలేదు, సరేననీ అనలేదు. అన్నదమ్ములతో ఒక మాట అనుకుని కబురు చేస్తానండీ అని మర్యాదగా చెప్పి బస్సెక్కారు.

ఇక ఆ రోజు నుంచి మా చిన్నమ్మ ఒక ఇంట్లో వంట చేస్తూ ఇంకో ఇంట్లో కాపురం చేసింది. అన్నం వార్చుతూనే, ఆ వంటగదిలో పప్పు డబ్బాల అర ఎడమ పక్కన ఉండాలా కుడి పక్కనా అని నన్ను అడిగేది. గడపకు పసుపు, గోడల అడుగున ఎర్రజాజు పట్టీలు, అద్దం వెలుతురు పడే చోట. నేను పడుకునేది ఆ పెద్ద కిటికీ కిందే అని నాకు మాటిచ్చింది. నేను నా పక్కబట్ట అక్కడ పరిచేసుకున్నట్టే బడిలో అందరికీ చెప్పుకున్నాను. చిన్నాయన మాత్రం, మాట వచ్చేదాకా జర ఆగమని చెప్పీ చెప్పీ ఊరుకున్నాడు.

ఆమె ఆగలేదు. బజారుకు పోయి, లేత నీలం మీద చిన్న తెల్ల పూలున్న బట్ట తెచ్చింది. పక్కింటి అక్కకు కుట్టుమిషను ఉండేది. మధ్యాహ్నాలు అక్కడ కూర్చుని, పురికొస ముడులు చూసుకుంటూ ఆ కిటికీలకు పరదాలు కుట్టింది. ఇల్లు ఇంకా రాలేదు, అప్పుడే పరదాల దాకా పోయిందని అక్క ఆటపట్టిస్తే, చిన్నమ్మ నవ్వి మిషను ఇంకా గట్టిగా తొక్కేది. స్ప్రింగు తీగలు, మేకులు కూడా కొనిపెట్టింది. మా కిరాయి ఇంటి యజమాని గోడకు ఒక్క మేకు కొట్టనిచ్చేవాడు కాదు. ఆ మేకులను చేతిలో పోసుకుని చూసుకోవడం ఆమెకు ఒక సరదా.

కబురు మిల్లు గేటు దగ్గరే చిన్నాయనకు అందింది. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని చెప్పాడు. పంతులుగారి తమ్ముడు అంతకు ముందే దవాఖానలో పనిచేసే ఒక నర్సమ్మకు మాటిచ్చాడట. ఆ సంగతి పంతులుగారికే తెలియదట. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. చిన్నమ్మ తలెత్తలేదు, కూర కలుపుతూనే ఉంది. నేను మాత్రం గోడకు తిరిగి పడుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మడత పెట్టిన పరదాలు ట్రంకుపెట్టె మీద అట్లాగే ఉండిపోయాయి. మా కిటికీలు నిలువుగా, సన్నగా ఉండేవి. వాటికి అవి సరిపోవు. సరిపోయినా తెరవని కిటికీకి పరదా ఎందుకు? పక్కింటి అక్క వాటిని తిప్పి తిప్పి చూసి, కత్తిరిస్తే పిల్లకు రెండు గౌన్లవుతాయంది. ఆ మాటతో నా ఏడుపు సగం తగ్గింది. నీలం మీద తెల్ల పూల గౌను. బడిలో ఇంకెవరికీ లేదు. రోజూ చిన్నమ్మ చేతిలో కత్తెర కోసం చూసేదాన్ని.

నర్సమ్మ వాళ్లు ఆ ఇంట్లో పాలు పొంగించి చేరారని విన్నాక, ఒక ఆదివారం చిన్నమ్మ నన్ను తయారవమంది. పరదాలు, తీగలు, మేకులు మూట కట్టింది, దాన్ని ఆ పురికొసతోనే బిగించింది. ఎక్కడికో చెప్పలేదు. రైలు పట్టాలు దాటి కాలువ దారి పట్టాక గానీ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక అడుగు ముందుకు పడలేదు.

తలుపు తీసిన నర్సమ్మకు మేమెవరమో తెలియదు. చిన్నమ్మ దాచుకోకుండా చెప్పింది.

“ఈ ఇల్లు మేము గూడ అడిగినం అక్కా. మీకొచ్చింది, మంచిగైంది. నేను ముందే గీ కిటికీలకు పరదాలు కుట్టుకున్న. ఇంకో ఇంటికి రావు. ఒక్కసారి కట్టి సూస్త. మీకు నచ్చకుంటె తీసుకపోత.”

నర్సమ్మ వెనక కిటికీ ఊచలకు ఎండ పడకుండా ఒక పాత దుప్పటి వేలాడుతోంది. ఆమె పక్కకు జరిగి మమ్మల్ని రానిచ్చి, లోపలి నుంచి స్టూలు, సుత్తి తెచ్చింది. చిన్నమ్మ స్టూలెక్కి, జీవితంలో మొదటిసారి ఒక గోడకు మేకు కొట్టింది. అదీ ఇంకొకరి గోడకు. నర్సమ్మ కింద నుంచి తీగ అందించింది. పరదాలు ఇంచు తేడా లేకుండా కుదిరాయి. రెక్కలు తెరవగానే గాలికి అన్నీ ఒక్కసారి లేచి మళ్లీ పడ్డాయి. చిన్నమ్మ ఎదురు గోడ దాకా వెనక్కి నడిచి, వీపు ఆనించి చూసింది. నర్సమ్మ చాయ్ పెట్టింది. ఇద్దరూ ఆ కిటికీ కింద కూర్చుని తాగారు.

తిరిగి వచ్చేటప్పుడు కాలువ గట్టు మీద చిన్నమ్మ కూర్చుంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు జాలి కన్నా కోపమే ఎక్కువగా ఉంది. ఇల్లు పోయె, పరదాలు పోయె, నా గౌన్లు కూడా పోయె, మనకేం మిగిలిందని అడిగాను. ఆమె మొహం తుడుచుకుంది.

“గౌన్లు మళ్ల కుట్టిస్త బిడ్డా. గవి ఆ కిటికీలకు ఎట్లుంటయో నాకు సూడాలని ఉండె. సూసిన. ఇగ ఆ ఇల్లు నా కండ్లల్ల తిరగదు.”

ఆ మాట అంటూనే పురికొస ముడులు ఒక్కొక్కటే విప్పింది. బిగుసుకున్న ముడులు, గోళ్లతో పీకాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక దాన్ని దండెం కట్టడానికి వాడుకుంది.

అంతటితో ఆమెకు బాధ పోయిందని నేను చెప్పను. దగ్గు కూడా పోలేదు. కానీ ఆ ఇంటి గురించి మళ్లీ నిట్టూర్చడం నేను వినలేదు. నర్సమ్మ మాత్రం మా ఇంటికి వస్తూ పోతూ, దగ్గుకు మందులు తెచ్చిస్తూ, చివరికి మా మనిషే అయిపోయింది. కొన్నేళ్లకు చిన్నాయన వేరే వాడలో ఒక చిన్న ఇల్లు చూశాడు. దానికి కూడా, మాట ఖాయం కాకముందే, చిన్నమ్మ పురికొసతో కిటికీల కొలత తీసుకుంది. చిన్నాయన నెత్తి కొట్టుకున్నాడు. ఆ ఇల్లు మాత్రం వాళ్లకే వచ్చింది.

ఇప్పుడు నేను సూర్యాపేటలో ఉంటున్నాను. నా మనవరాలూ వాళ్లాయనా ఒక ఇల్లు కొనాలని అడిగి, జవాబు కోసం చూస్తున్నారు. రోజూ సాయంత్రం ఫోన్‌లో గోడల రంగులు, దీపాలు, పరదాలు చూపిస్తుంది. మొన్న ఉన్నట్టుండి ఆగి, ముందే ఇంత ఆశ పెట్టుకుంటే రేపు రాకపోతే ఎట్లా అమ్మమ్మా అని అడిగింది. గొంతులో భయం వినిపించింది. ఆశ తగ్గించుకొమ్మని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“కొలత మంచిగ తీస్కో బిడ్డా,” అన్నాను. “ఇల్లు రాకుంటె నాకు చెప్పు. ఇద్దరం పోయి ఆ కిటికీలకే పరదాలు కట్టి వద్దాం.”

తమాషాకు అన్నాననుకుని నవ్వింది. నేను మాత్రం నిజంగానే అన్నాను.