తొండుపల్లి ఎర్రకారులో రెండో చప్పుడు

2023, వానాకాలం. శంషాబాద్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవాళ్ల తరఫున బండిని పరీక్షించి చెప్పడం అప్పటికే నా వృత్తి. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి ఎదుటివాళ్ల బండ్లలో లోపాలు వెతుకుతుంటాను. పెళ్లిచూపుల్లో మేనత్త చేసే పనే. నాకు ఫీజు ఇస్తారు, అంతే తేడా.

రాజేంద్రనగర్‌లో ఉండే శ్రీనివాస్ గారు కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన బ్యాంకు ఉద్యోగి. ఆయన మనసు తొండుపల్లిలోని ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు మీద పడింది. దాని యజమాని యాదయ్య చాలా ఏళ్లు ఎయిర్‌పోర్టుకు ట్యాక్సీలు తిప్పాడు. ఊరందరినీ ఎక్కించుకుని సంపాదించిన డబ్బుతో, భార్య తప్ప ఇంకెవరూ ఎక్కడానికి వీల్లేని రెండు సీట్ల కారు కొనుక్కున్నాడు. తర్వాత పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాటా పోయింది. నడిపేవాళ్లు లేక భార్య సత్తెమ్మ బండిని అమ్మకానికి పెట్టింది.

నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్‌లో చెప్పాను. దీన్ని కోల్డ్ స్టార్ట్ అంటాం. చల్లటి ఇంజిన్ అబద్ధం ఆడదు. వేడెక్కితే దానికీ మర్యాదలు వస్తాయి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది.

"ఇయ్యాల ఒక్కరోజే చెయ్యలే తమ్మీ" అంది సత్తెమ్మ. "రోజూ పొద్దుగాల జరసేపు స్టార్ట్ చేసి పెడ్త. ఆయన వినాలె గద. గా సప్పుడు విన్నప్పుడే ఆయనల పానం కనిపిస్తది. చెయ్యి ఆడిస్తడు."

ఎయిర్‌పోర్టు పక్కనున్న తొండుపల్లిలో ఇంజిన్ వినాలంటే రెండు విమానాల మధ్య వినాలి. ఒకటి వెళ్లేదాకా ఆగి తాళం తిప్పాను. కింద నుంచి టకటకమని బరువైన చప్పుడు వచ్చింది. ఇనుప కడ్డీ ఒక కొస ఇంజిన్‌కు, ఇంకో కొస చెవికి ఆనించి విన్నాను. రాడ్ నాక్. పిస్టన్‌ను కిందికీ పైకీ ఆడించే కడ్డీకి ఉండే బేరింగ్ అరిగిపోయి కొట్టుకుంటోంది. ఇంజిన్ మొత్తం విప్పాల్సిన జబ్బు.

"రెండు శబ్దాలు వస్తున్నాయండీ" అన్నారు నాతో వచ్చిన శ్రీనివాస్ గారు.

నిజమే. ఠంగు ఠంగున ఇంకోటి వినిపిస్తోంది. సైలెన్సర్ రేకు వదులైందేమోనని వంగి చూశాను. గట్టిగానే ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే టకటక జోరందుకుంది కానీ, ఠంగుమనేది మాత్రం తన తీరున తాను మోగుతూనే ఉంది. ఇంజిన్ వేగంతో మారని చప్పుడు ఇంజిన్‌ది కాదు, ఇది మా వృత్తిలో మొదటి పాఠం. ఇంజిన్ ఆపాను. రెండూ ఆగిపోయాయి. పాఠం కాస్త తడబడింది.

మళ్లీ స్టార్ట్ చేసి, ఆ చప్పుడు వెంట వెళితే అది కారు షెడ్డు దాటి ఇంటి కిటికీ దగ్గర తేలింది. లోపల ఇనుప మంచం మీద యాదయ్య ఎడమ చేత్తో మంచం చట్రాన్ని కొడుతున్నాడు. పైనుంచి విమానం వెళ్లింది. దాన్ని ఆయన పట్టించుకోలేదు. కళ్లు షెడ్డు వైపే ఉన్నాయి.

"చూసినవా తమ్మీ, ఎంత ఖుషీ అయితుండో. మూడు నెలలసంది గిట్లనే" అంది సత్తెమ్మ.

ఆ ముఖంలో సంతోషం ఉన్నట్టు నాకు అనిపించలేదు. అవును అనాలంటే కళ్లు మూస్తాడని ఆమే చెప్పింది. ఇంజిన్ ఆపి వచ్చి అడిగాను.

"అన్నా, కింద బేరింగ్ కొట్టుకుంటున్నది. బండి బందు చెయ్యమనేనా కొడుతున్నవ్?"

యాదయ్య కళ్లు మూశాడు. చాలాసేపు తెరవలేదు. చెయ్యి మంచం మీద వాలిపోయింది.

సత్తెమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. తర్వాత మెల్లగా, "నేను రోజూ స్టార్ట్ చేసుడు వల్లనేనా?" అంది.

చాలావరకు అందువల్లే. రోడ్డెక్కకుండా రోజూ కాసేపే నడిస్తే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. కాలని పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పల్చన చేస్తుంది. బేరింగ్‌ను కాపాడేది ఆ ఆయిలే. "ఆయిల్ పాతదైందక్కా" అన్నాను. అది అబద్ధం కాదు, నిజంలో ఒక చిన్న ముక్క. యాదయ్య నా వైపు చూసి, మళ్లీ ఒకసారి కళ్లు మూశాడు. నా డయాగ్నసిస్‌ను ఒప్పుకున్నాడో, ఆ ముక్కతో ఆపినందుకు ఒప్పుకున్నాడో తెలియదు.

శ్రీనివాస్ గారికి వద్దని చెప్పాను. ఆయన కారు వైపు ఒకసారి చూసి, ఆమెకు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

నేను సామాను సర్దుకుంటుంటే సత్తెమ్మ గేటు దాకా వచ్చింది.

"మరి రేపు పొద్దుగాల ఆయనకు ఏం వినిపియ్యాలె తమ్మీ?"

అప్పుడే ఇంకో విమానం నెత్తి మీదుగా వెళ్లింది. అది వెళ్లేదాకా ఇద్దరం ఆగాం. వెళ్లాక నేను ఇనుప కడ్డీని సంచిలో పెట్టుకున్నాను.

అప్పటినుంచి బానెట్ ఎత్తే ముందు, ఈ బండిలో ఏమైనా చప్పుడు విన్నారా అని ఇంట్లోవాళ్లను అడుగుతున్నాను. ఎక్కువమంది ఏమీ లేదంటారు, అమ్ముకునేవాళ్లు కదా. ఇంట్లో మంచం పట్టినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గరికీ వెళ్లి అడుగుతాను. అక్కడ జవాబు కోసం కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.