ఒక్క మాట మీద నిలబడలేక

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో నేను ఒక విత్తనాల కంపెనీలో మహబూబాబాద్ వైపు సేల్స్ ఆఫీసరును. పేరుకు ఆఫీసరునే గానీ, మోటారు సైకిలు మీద ఊరూరూ తిరిగి, ఏ దుకాణానికి ఎన్ని బస్తాల మక్క, అంటే మొక్కజొన్న, విత్తనం కావాలో రాసుకొని, ఆ ఇండెంటును పై ఆఫీసుకు పంపడమే నా పని. మా ఏరియా మేనేజరుది జనగామ. నెమ్మదైన మనిషి. నన్ను తమ్మీ అని పిలిచేవాడు.

ఆ ఏడు తొలకరిలో మా అమ్మకాలు సగానికి పడిపోయాయి. మా ఏరియాను ఉంచాలా, ఎత్తేయాలా తేల్చడానికి డైరెక్టరే జనగామ వస్తున్నాడని కబురొచ్చింది. ముందు రోజు మేనేజరు నన్ను బస్టాండు ఎదుట హోటల్లో కూర్చోబెట్టి చాయ్ చెప్పాడు.

“రేపు ఎవరేమడిగినా మనది ఒక్కటే మాట తమ్మీ. బందులు, రాస్తారోకోలు అయినయి, లారీలు రాలేదు. గంతే. నువ్వు లేశి కొత్తగ ఏం చెప్పకు.”

సరే సార్ అన్నాను. అంత చిన్న పాఠం నాకు బళ్ళో కూడా ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మీటింగులో మేనేజరు అనుకున్నదే చెప్పాడు. డైరెక్టరు కోస్తా వైపు మనిషి. చెడ్డవాడేమీ కాదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, “అయితే మీ ఉద్యమమే మన వ్యాపారాన్ని ముంచిందన్నమాట,” అన్నాడు.

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం నర్సింహులపేట దీక్షా శిబిరం గుర్తొచ్చింది. అక్కడ నేను మైకు పట్టుకుంటే జనం చప్పట్లు కొట్టేవారు. ఎవరు పట్టుకున్నా కొట్టేవారు గానీ, ఆ సంగతి అప్పటికి నేను గమనించలేదు. లేచి నిలబడ్డాను.

“ఉద్యమం వల్ల కాదు సార్. బందు ఒక్క దినమే, తెల్లారి లారీలు నడిచినయి. టెంటుల కూసున్న రైతులే మక్క విత్తనం ఏదని నన్ను అడిగిన్రు.”

హాలంతా నిశ్శబ్దమైంది. నేనది మెచ్చుకోలు అనుకున్నాను. మేనేజరు తల దించుకొని కలం మూత పెడుతూ తీస్తూ ఉన్నాడు.

అడిగిన రైతులకు ఎందుకు ఇవ్వలేదన్నాడు డైరెక్టరు. సరుకు లేదన్నాను. ఎందుకు లేదన్నాడు. ఇండెంటు ఆలస్యంగా అందిందన్నాను. అది పంపాల్సింది ఎవరన్నాడు.

ఈ దారి ఎక్కడికి పోతోందో అప్పటిదాకా నాకు తట్టలేదు. రోజూ శిబిరంలో ఉపన్యాసాలిస్తూ, ఆ కాగితాన్ని పదిహేను రోజులు బండి సంచిలో పెట్టుకొని తిరిగింది నేనే. మేనేజరుకు అది తెలుసు. లారీల మాట ఆయన అల్లింది నన్ను కాపాడటానికే. ఆయనే లేచాడు.

“ఇండెంటు నా చేతుల మీదుగనే పోవాలె సార్. చూసుకోవాల్సింది నేను.”

రైతుల్లో గిరాకీ ఉందని తేలడంతో మా ఏరియా నిలిచింది. మేనేజరుకు రావాల్సిన ప్రమోషన్ ఆగింది. నన్ను అదే ఏరియాలో భూపాలపల్లికి మార్చారు.

బస్టాండుకు నడుస్తుంటే, నేను చెప్పింది నిజమే కదా సార్ అని గొణిగాను. ఆయన కోప్పడలేదు.

“నిజమే. అబద్ధం నాదే. ఉద్యమం మీద నింద ఎయ్యాల్నంటే నాకు మాత్రం మనసొప్పిందా? నీకు నచ్చలేదని నిన్ననే అంటే, ఇద్దరం కూసొని ఇంకో మాట చూసుకుంటుంటిమి. నువ్వు నా ముంగట సరే అని, ఆయన ముంగట కాదన్నవ్.”

నిజం కోసమే లేచినవాణ్ణయితే ఇండెంటు సంగతి ముందే చెప్పి ఉండేవాణ్ణి. నేను లేచింది చప్పట్ల కోసం.

భూపాలపల్లిలో మొదటి వారమంతా బొగ్గు గని కార్మికుల క్వార్టర్ల మధ్య ఒక గది కోసం తిరిగాను. మక్క బస్తాతో వాళ్ళకేం పని? ఒక అక్క మాత్రం పెరట్లో పందిరికి బీర గింజలున్నాయా అని అడిగింది. మా కంపెనీ అవి అమ్మదు.

తర్వాతి మీటింగుకు ఒక రోజు ముందే జనగామ చేరి, నా తప్పులు, దుకాణదారుల తగాదాలు, నా అనుమానాలు అన్నీ మేనేజరుకు గంటసేపు ఏకరువు పెట్టాను. ఆయన ఓపికగా విన్నాడు.

“ఇందుల సగం నాకు గూడ చెప్పకపోతే మంచిగుండు తమ్మీ,” అన్నాడు.