నికెల్ రాడ్డుకి ఎంత కరెంటు

అద్దంకి బస్టాండు వెనక వెల్డింగు షాపు నడిపే ఇమ్మానియేలు మిషను మీది అంకెల్ని నమ్మడు, తన చెవిని నమ్ముతాడు. నిప్పు రవ్వలు లేవగానే తల ఎడమకి వాల్చి, నూనెలో బజ్జీలు వేగుతున్నట్టు చప్పుడు వినపడేదాకా కరెంటు పెంచి తగ్గించే హ్యాండిలు తిప్పుతూనే ఉంటాడు. ఎనభై ఆరులో, మిరప కోతలప్పుడు, కనకలక్ష్మమ్మ గారి కారం మిల్లులో మిరపకాయలు నలిగే పోతఇనుప డొక్క పగిలింది. కొత్తది రావాలంటే నెల పడుతుంది. పోతఇనుము అతకడానికి పనికొచ్చే నికెల్ రాడ్లు ఇమ్మానియేలు దగ్గర నాలుగే ఉన్నాయి. కరెంటు తగ్గితే రాడ్డు అతుక్కుపోతుంది, ఎక్కువైతే డొక్క మళ్లీ చీలుతుంది.

మొదటి అంగుళం అతకగానే ఇనుములో ఏళ్లుగా ఇంకిన కారం కాలి పొగ లేచింది. పక్కనే నిలబడి చూస్తున్న కనకలక్ష్మమ్మ ఆగకుండా దగ్గింది. ఆ దగ్గులో బజ్జీల చప్పుడు కాస్తా మునిగిపోయింది. ఇమ్మానియేలు విసుగ్గా హ్యాండిలు వెనక్కి తిప్పాడు. కరెంటు తగ్గి పొగ పలచబడింది, దగ్గు సగమైంది. అతని మొహం వెలిగింది. "అమ్మగారూ, అక్కడే కూర్చోండి. కదలకండి."

"చంపుతావా ఏమయ్యా!"

"మీరు లేస్తే మిల్లు పోతుందండీ."

ఆవిడ ముక్కుకి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసి స్టూలు మీద కూర్చుంది. ఆవిడ దగ్గితే అతను కరెంటు తగ్గించాడు, రాడ్డు అతుక్కుంటే కాస్త పెంచాడు. అంగుళానికోసారి ఆగి, సుత్తితో మెల్లగా తట్టి, చెయ్యి ఆనేంత చల్లబడ్డాకే మళ్లీ మొదలుపెట్టాడు. సాయంత్రానికి మిల్లు తిరిగింది, అతుకు నిలిచింది.

"ఎంత కరెంటు పెట్టావో చెప్పు, రాసుకుంటాను," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ.

"అంకె నాకూ తెలీదండీ. మళ్లీ పగిలితే మాత్రం మీరు ఊళ్లోనే ఉండాలి."